యాసంగి నీటిలో పొరుగువాని హక్కు



 

మన బన్సీలాల్‌పేట్‌లోని మెట్లబావిని మీలో చాలామంది రెండు రూపాలలో చూశారు. పదిహేడవ శతాబ్దం నాటిదని చెప్పే ఆ బావి మన బాల్యంలో, యౌవనంలో ఒక చెత్తగుంట. ఇల్లు పడగొట్టినవాడు మట్టి తెచ్చి అందులో పోశాడు, పెళ్ళి చేసినవాడు ఎంగిలి విస్తళ్ళు తెచ్చి వేశాడు. దశాబ్దాలపాటు అలా నిండి, చివరికి అక్కడ బావి ఉన్నదన్న మాటే పిల్లలకు తెలియకుండా పోయింది. ఆ తరువాత కొందరు పూనుకుని టన్నుల కొద్దీ చెత్తను ఎత్తిపోయించారు. రాతిమెట్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. అడుగుకు చేరేసరికి నీరు ఊరింది. 2022 డిసెంబరు 5న ఆ బావిని తిరిగి ప్రజలకు అంకితం చేసిన తరువాత మేము కూడా వెళ్ళి ఆ మెట్లపై కూర్చున్నాము. నీరు ఎక్కడికీ పోలేదు. అల్లాహ్ ఇచ్చినది అడుగున అలాగే ఉన్నది. దానిపై మూత వేసినది మనమే.

ఆనాడు ఆ మెట్లపై కూర్చున్నప్పుడు మాకు గుర్తుకు వచ్చినది మరొక బావి. అది నగరంలో లేదు. దానిని పాడు చేసినవారిలో మేము కూడా ఉన్నాము. ఈ జుమాలో దాని గురించే చెప్పదలచుకున్నాము. యాసంగి నార్లు పోసే రోజులు వచ్చాయి గనుక ఇది చెప్పవలసిన సమయం కూడా.

నగరంలోని మస్జిదులో వ్యవసాయం ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మన సఫ్‌లలో నిలబడేవారిని ఒకసారి చూసుకోండి. మెదక్ నుండి, సిద్దిపేట నుండి, నల్లగొండ నుండి, కరీంనగర్ నుండి వచ్చి ఇక్కడ స్థిరపడినవారే సగం మంది. తాత పేరున ఉన్న రెండెకరాలు, మూడెకరాలు ఇంకా ఊరిలో ఉన్నాయి. పట్టాదారు పాసుపుస్తకం మన బీరువాలో ఉన్నది, పొలం కౌలుదారు చేతిలో ఉన్నది. ప్రభుత్వం 2018లో పెట్టుబడి సాయం ప్రారంభించినప్పుడు ఆ సొమ్ము పట్టాదారుకే అందింది, దున్నేవాడికి కాదు. అంటే భూమి మీద మనకు హక్కు ఉన్నదని కాగితం చెప్పిన ప్రతిచోటా, ఆ భూమికి జరిగే మేలు కీడులలో మనకు జవాబుదారీ కూడా ఉన్నది.

మా సంగతి చెబుతాము. మా తండ్రిగారు విడిచిపోయిన మూడెకరాలు సిద్దిపేట వైపు ఒక గ్రామంలో ఉన్నాయి. ఒక బోరు ఉన్నది. మాకంటే పెద్దవయసు రైతు ఒకరు చాలా ఏళ్ళుగా దానిని కౌలుకు చేస్తున్నారు. ఒప్పందం మా తండ్రిగారి కాలం నాటిది: ఎకరాకు, పంటకు ఎనిమిది బస్తాల వడ్లు. వానాకాలంలో ఇరవై నాలుగు, యాసంగిలో ఇరవై నాలుగు. ఆ వడ్లను బియ్యం పట్టించి సంవత్సరమంతా తిన్నాము, బంధువులకు పంచాము, అల్‌హందులిల్లాహ్ అన్నాము. ఒక సంవత్సరం ఫిబ్రవరి నెలలో ఆ రైతు ఫోన్ చేశారు. బోరు నీరు తగ్గిందని, ఇంకొంత లోతుకు దించకపోతే పంట చేతికి రాదని చెప్పారు. మేము డబ్బు పంపాము. బోరు లోతయింది, పంట నిలిచింది, మా ఇరవై నాలుగు బస్తాలు మాకు వచ్చాయి.

ఏప్రిల్‌లో ఊరికి వెళ్ళినప్పుడు, మా పొలానికి దిగువన అరెకరం చేసుకునే ఒక విధవరాలు గట్టు మీదికి వచ్చి నిలబడింది. ఆమె బోరు ఎండిపోయింది. వరి పొట్ట మీద ఉండగా ఎండింది. ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు. "మౌల్సాబ్, మీ బోరు ఇంకా పోస్తున్నదా?" అని మాత్రం అడిగింది. పోస్తున్నదని చెప్పాము. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది.

ఆమె పంట ఎండడానికి మా బోరే కారణమని మేము ప్రమాణం చేసి చెప్పలేము, భూమి లోపల నీటి దారులు మనకు కనబడవు. కానీ అది మా బోరు కాదని కూడా ప్రమాణం చేయలేకపోయాము. ఆ రాత్రి ఇషా నమాజులో మాకు ఏకాగ్రత కుదరలేదు.

సోదరులారా, మదీనా పట్టణంలో నీటి విషయమై జరిగిన ఒక తగవు సహీహ్ హదీసు గ్రంథాలలో ఉన్నది. హర్రా అనే రాతినేల నుండి వచ్చే కాలువ నీటితో ఖర్జూర తోటలు తడుపుకునేవారు. హజ్రత్ జుబైర్ (రజి) తోట ఎగువన ఉన్నది, ఒక అన్సారీ సహచరుని తోట దిగువన ఉన్నది. ఎగువవాడు నీటిని ఆపుకుంటున్నాడని దిగువవాడు ఫిర్యాదు చేశాడు. దైవప్రవక్త (స) ముందుగా చెప్పిన తీర్పు మెత్తనిది: జుబైర్ తన తోట తడుపుకుని వెంటనే పొరుగువానికి నీరు వదలాలి. దానికి ఆ వ్యక్తి కోపగించి బంధుప్రీతిని అంటగట్టాడు. అప్పుడు ప్రవక్త (స) జుబైర్‌కు ఉన్న పూర్తి హక్కు ఎంతో ప్రకటించారు: నీరు మడి గట్లను అందుకునేవరకు ఆపుకోవచ్చు. తరువాతివారు దానిని కొలిచి చీలమండల లోతు అన్నారు. మహ్జూర్ అనే వాగు విషయంలో కూడా చీలమండల వరకు ఆపుకుని ఆపై దిగువకు వదలాలన్న తీర్పు ఉన్నది.

ఇందులో గమనించవలసినది ఎగువవాని పూర్తి హక్కుకు కూడా ఒక హద్దు ఉండడం. నీటికి దగ్గరగా ఉన్నాడు, ముందుగా అందుకుంటాడు, అది అతని అదృష్టం. అయినా చీలమండ దాటిన నీరు అతనిది కాదు. కాలువలో అయితే ఎగువ, దిగువ కంటికి కనబడతాయి. భూగర్భంలో లోతైన బోరు ఎగువ, పైపైన ఉన్న బోరు దిగువ. డబ్బున్నవాడు లోతుకు దింపగలడు గనుక అతడే ఎగువవాడు. ఈ లెక్కన ఆ గ్రామంలో ఎగువన ఉన్నది మేము, నగరంలో కూర్చుని.

మన తెలంగాణలో పాత రెవెన్యూ పలుకుబడిలో రెండు మాటలుండేవి, పెద్దలకు గుర్తుండి ఉంటాయి. చెరువు నిండే కాలంలో వేసే వరిని ఆబీ అనేవారు, ఎండలకు పండే వరిని తాబీ అనేవారు. ఆబ్ అంటే నీరు, తాబ్ అంటే వేడి. మెట్టను ఖుష్కీ అనీ, మాగాణిని తరీ అనీ రాసేవారు. చెరువులో ఎంత నీరు మిగిలితే తాబీ అంత. అందరికీ చాలకపోతే ఆయకట్టులో ఎన్ని ఎకరాలకు నీరివ్వాలో ముందే నిర్ణయించుకుని తైబందీ చేసుకునేవారు. నీరటికాడు మడి మడికీ నీరు కట్టేవాడు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ మంజీరా నదిపై నిజాంసాగర్ కట్టించిన రోజులలో, అనగా 1923 నుండి 1931 వరకు, ఇంజినీర్లు కూడా ఈ మాటలతోనే లెక్కలు కట్టారు. ఆ మహనీయుని జన్మదినమైన జూలై 11ను మన రాష్ట్రం ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నది. తాబీ అనే మాటలోనే ఒక హెచ్చరిక ఉన్నది: ఇది వేడి కాలపు పంట, నీరు లెక్కపెట్టి వేయండి అని. చెరువు అందరి కళ్ళ ముందు ఉండేది గనుక లెక్క తప్పేది కాదు.

బోరు వచ్చాక ఆ లెక్క పోయింది. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు అది గొప్ప ఊరట, అర్ధరాత్రి పొలానికి పోయి పాము కాటుకు, కరెంటు షాకుకు బలైనవారిని ఎరిగినవారెవరూ దానిని తేలికగా మాట్లాడరు. అయితే మోటారుకు ఆటో స్టార్టర్ బిగించి ఇంట్లో పడుకుంటే మడి నిండినా నీరు పోస్తూనే ఉంటుంది. బిల్లు రాదు గనుక ఎవరూ లేచి వెళ్ళి ఆపరు. యాసంగి వరి మన రాష్ట్రంలో 50 లక్షల ఎకరాలు దాటిన సంవత్సరాలున్నాయి.

వరి నీటి ఖర్చు ఎంతో నగరవాసులకు అర్థమయ్యే కొలతలో చెబుతాము. ఒక వరి పంటకు సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలని వ్యవసాయ శాస్త్రజ్ఞుల అంచనా. ఎకరంలో అంత నీరంటే 48 లక్షల లీటర్ల పైచిలుకు. వేసవిలో మన గల్లీకి వచ్చే 5,000 లీటర్ల ట్యాంకర్లు సుమారు 970. ఒక్క ఎకరానికి! వానాకాలంలో ఇందులో పెద్దభాగం ఆకాశం నుండి వస్తుంది. యాసంగిలో దాదాపు అంతా భూమి లోపలి నుండి తోడాలి. అదే ఎకరంలో జొన్న వేస్తే 450 మిల్లీమీటర్లు, అంటే సుమారు 360 ట్యాంకర్లు. పెసర, మినుము వంటి పప్పుధాన్యాలకు 300 మిల్లీమీటర్లలోపే చాలు. మా మూడెకరాల తాబీ వరికి దాదాపు 2,900 ట్యాంకర్ల నీరు పోయించి, ఇరవై నాలుగు బస్తాలు ఇంటికి తెచ్చుకుని, వుజూ చేసేటప్పుడు కుళాయి సన్నగా తిప్పమని మేము ఇక్కడ పిల్లలకు చెబుతూ వచ్చాము. పారే నది ఒడ్డున వుజూ చేసినా దుబారా దుబారాయే అనే బోధన మనందరికీ కంఠస్థమే. ఆ బోధన మస్జిదు కుళాయి దగ్గర ఆగిపోయింది.

ఇక ఎరువు సంగతి. 2025 వానాకాలంలో యూరియా కోసం ఊళ్ళలో ఏర్పడిన వరుసలు మీరు చూసే ఉంటారు. నిలబడలేక చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి చెట్టు నీడన కూర్చున్న ముసలివారిని చూసి మనసు చివుక్కుమన్నది. సరఫరా ఎందుకు తగ్గిందో మాట్లాడేవారు చాలామంది ఉన్నారు, అది వారికి వదిలేద్దాము. మన వంతు ప్రశ్న వేరు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం నత్రజని, అంటే 20 కిలోల పైన ఉంటుంది. మన ప్రాంతపు వరికి ఎకరాకు 40 నుండి 48 కిలోల నత్రజని చాలునని వానాకాలపు సిఫారసు. అంటే రెండు బస్తాలు, ఆపైన కాస్త. డీఏపీ వేస్తే దానిలోని నత్రజనిని కూడా ఇందులో తగ్గించుకోవాలి. మా కౌలుదారుని అడిగితే నాలుగు వేస్తున్నానన్నారు. ఎందుకని అడిగితే, "పక్కోడి చేను నల్లగ కనబడుతది మౌల్సాబ్, నాది పచ్చగ ఉంటే మనసున పట్టది" అన్నారు. ఇది నిజాయితీగల జవాబు. సబ్సిడీ వలన బస్తా 270 రూపాయలలోపు దొరుకుతుంది గనుక, ఒకటి ఎక్కువ వేయడం భయానికి మందుగా పనిచేస్తుంది.

అయితే నిలువ నీటిలో చల్లిన యూరియా నత్రజనిలో మొక్క తీసుకునేది సాధారణంగా 30 నుండి 40 శాతమే. మిగిలినది ఆవిరై గాలిలో కలుస్తుంది, లేదా నీటితోపాటు కిందికి దిగుతుంది. కిందికి దిగినది నైట్రేటుగా మారి ఊరి బావులలో చేరుతుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని దేశ ప్రమాణం ఉన్నది, మన రాష్ట్రంలో చాలాచోట్ల భూగర్భజలం ఆ హద్దు దాటింది. దాని ప్రమాదం అందరికంటే ఎక్కువగా పాలుతాగే పసిబిడ్డలకు. పైగా మితిమీరిన నత్రజనితో నల్లబడ్డ చేను మెత్తబడి దోమను, అగ్గితెగులును పిలుచుకుంటుంది, గాలివానకు పడిపోతుంది. మరల దానికి మందులు కొట్టాలి. ఇస్రాఫ్‌ను ఖుర్‌ఆన్ నిషేధించిన సందర్భాలలో ఒకటి పంట కోతకు సంబంధించినదే కావడం ఆలోచించదగినది. సూరా అన్‌ఆమ్‌లో పండ్లు, పైర్ల ప్రస్తావన వచ్చి, కోసిన రోజున దాని హక్కు చెల్లించమని ఆదేశం వచ్చి, వెనువెంటనే మితిమీరవద్దన్న మాట వస్తుంది.

ఆ హక్కు ఉష్ర్. వాననీటితో పండినదానిలో పదో వంతు, తోడి పోసి పండించినదానిలో ఇరవయ్యో వంతు. మన దేశపు భూములపై ఉష్ర్ వర్తించే తీరు గురించి ఉలమాల మధ్య ఉన్న చర్చను మరో జుమాకు ఉంచుదాము. ఇక్కడ మేము చూపదలచినది, నీరు ఎక్కడి నుండి వచ్చింది, దానికి ఎవరి శ్రమ, ఎవరి ఖర్చు పట్టింది అని షరీఅత్ అడుగుతుందన్న సంగతి. ఆకాశం నుండి దిగిన నీటికి ఒక లెక్క, భూమి నుండి తోడిన నీటికి మరొక లెక్క. మనమేమో రెండింటినీ ఒకే ధారగా చూస్తున్నాము. నేడు తోడడానికి రైతు రూపాయి కట్టనక్కరలేదు, నిజమే. ఆ ఖర్చు మాయమైపోలేదు, ఎండిన బోరు గలవాడు దానిని కడుతున్నాడు.

మేము ఆ ఏప్రిల్ తరువాత కౌలుదారు ఇంటికి వెళ్ళి కూర్చున్నాము. యాసంగిలో వరి మానుకుని జొన్ననో, పెసరనో వేయవచ్చు కదా కాకా, అని అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నారు: "మౌల్సాబ్, నేను జొన్నలు వేస్తే మీకు వడ్లు ఏడికెంచి తెచ్చి పెట్టాలె?"

సోదరులారా, మేము నలభై ఏళ్ళుగా ఫిఖ్‌హ్ చదువుతున్నాము, బోధిస్తున్నాము. ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని తిరిగి మద్రసాలో కింది తరగతి బల్ల మీద కూర్చోబెట్టింది. పొలాన్ని పాలుకు ఇచ్చే ముజారఅ ఒప్పందాన్ని ఇమామ్ అబూ హనీఫా (రహ్) అంగీకరించలేదు, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మతుల్లాహి అలైహిమా) అంగీకరించారు, ఫత్వా వారి మాట మీదనే ఉన్నది. అయితే దానికొక షరతు ఉన్నది. పండినదానిలో ఇద్దరికీ భాగం ఉండాలి: సగమో, మూడో వంతో. ఆ పొలంలో పండినదానిలో ఇన్ని బస్తాలు ముందుగా నాకు అని ఒకరు నిర్ణయించుకుంటే ఒప్పందం చెల్లదు. ఎందుకంటే ఆ పొలం అంతే పండవచ్చు, అప్పుడు రెండవవాడు వట్టి చేతులతో పోవాలి. మదీనా ప్రజలు కాలువ గట్టున పండేది నాకు, మిగతాది నీకు అని పంచుకునేవారు. ఒకవైపు పండేది, ఒకవైపు పోయేది. ప్రవక్త (స) వారించిన పద్ధతి అది అని హజ్రత్ రాఫి బిన్ ఖదీజ్ (రజి) తెలిపారు.

మేము పాఠంలో చెప్పే చెల్లని ఒప్పందం మా ఇంట్లోనే నడుస్తున్నది. ఇది తండ్రిగారి కాలం నాటిదన్న సాకు అల్లాహ్ దగ్గర చెల్లదు. ధర్మసూక్ష్మాన్ని పక్కన పెట్టి చూసినా, మా ఇరవై నాలుగు బస్తాలే ఆ పొలాన్ని వరికి కట్టేశాయి. వరి వేయక తప్పదు గనుక నీరు తోడక తప్పదు, మా బస్తాలు తగ్గకూడదు గనుక యూరియా తగ్గించే ధైర్యం లేదు. రైతుకు తెలివి లేదనీ, చెప్పినా వినడనీ నగరంలో మనం తరచూ అంటాము. ఆయన చేతులు మేమే కట్టి ఉంచాము.

ఒప్పందం మార్చాము. భూమి మాది, విత్తనం, శ్రమ ఆయనవి. ఏది పండితే దానిలో మూడో వంతు మాది, పండకపోతే ఇద్దరికీ లేదు. యాసంగిలో ఒక ఎకరం వరి, రెండెకరాలు జొన్న అనుకున్నాము. ఆ ఎకరం వరికి కూడా నీరు తగ్గించే పద్ధతి ఒకటి ఉన్నది, దానిని రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంవారు చాలాకాలంగా చెబుతున్నారు, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ దానిని ఆసియా అంతటా ప్రచారం చేసింది. ఒక అడుగు పొడవు గొట్టం తీసుకుని దాని కింది సగానికి రంధ్రాలు చేసి మడిలో పాతిపెట్టాలి. నాటిన రెండు వారాల తరువాత నుండి, గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగేవరకు తిరిగి నీరు పెట్టనక్కరలేదు. పైన మడి ఆరినట్లు కనబడుతుంది, వేళ్ళకు మాత్రం తేమ అందుతూనే ఉంటుంది. పెట్టినప్పుడు 5 సెంటీమీటర్లు పెడితే చాలు. పూత సమయంలో మాత్రం నీరు తప్పక నిలవాలి. ఇలా చేస్తే దిగుబడి తగ్గకుండా 30 శాతం వరకు నీరు ఆదా అవుతుంది. చీలమండ లోతు కంటే ఇది తక్కువే. ప్రతి కొత్త పరిశోధననూ పాత గ్రంథంలో వెతికి చూపి చప్పట్లు కొట్టించుకునే అలవాటు మాకు లేదు. మేము చెప్పేది ఇంతే: ప్రవక్త (స) ఎగువవానికి ఇచ్చిన గరిష్ఠ హక్కు అది, దానికి లోబడి బతకడం సాధ్యమేనని నేడు గొట్టం ముక్క ఒకటి చూపిస్తున్నది.

యూరియాను రెండు బస్తాలకు తగ్గించి మూడు దఫాలు చేశారు: దమ్ములో కొంత, పిలకలు వేసేటప్పుడు కొంత, అంకురం ఏర్పడే దశలో కొంత. వేసే ముందు మడిలో నీరు తీసేసి బురద మీద చల్లారు. యాభై కిలోల యూరియాకు పది కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లే పద్ధతి మన పెద్దలలో చాలామందికి తెలుసు. వానాకాలానికి ముందు జీలుగ చల్లి, పూతకు రాగానే కలియదున్నితే వరికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు వరకు అదే ఇస్తుంది. పెసర, మినుము, శనగ వేళ్ళ బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. అల్లాహ్ ఏర్పాటు అది, బస్తాకు వరుసలో నిలబడే పని లేదు. వరి తరువాత మొక్కజొన్న వేస్తే నీరు సగానికి సగం మిగులుతుంది గానీ, యూరియా మాత్రం అది వరికంటే ఎక్కువే తింటుంది. కాబట్టి వరి, మొక్కజొన్న, మరల వరి అని తిప్పడం ఒక సమస్యను తీర్చి మరొకదానిని ఉంచుతుంది. నడుమ ఎప్పుడో ఒకప్పుడు పప్పుజాతి పంట రావాలి. పన్నెండవ శతాబ్దంలో సెవిల్ నగరవాసి ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో నేలలకు, ఎరువులకు, నీటికి వేరువేరు అధ్యాయాలు కేటాయించాడు. భూమిని చదవడం కూడా మన విద్యలలో ఒకటిగా ఉండేది.

మొదటి యాసంగి ఎలా గడిచిందో దాచకుండా చెప్పాలి. జొన్న కంకులను పక్షులు చాలావరకు తిన్నాయి. చుట్టూ అందరూ వరి వేస్తే మధ్యలో రెండెకరాల జొన్న వాటికి విందు అయింది. మిగిలినదానికి సరైన ధర రాలేదు. వరికైతే ఊరిలోనే కొనుగోలు కేంద్రం ఉన్నది, మద్దతు ధర ఉన్నది. జొన్న మోసుకుని మార్కెట్ యార్డుకు పోవాలి. మా భాగం తగ్గింది, ఆయన భాగం కూడా తగ్గింది. ఆయన ఇంట్లో ఆ నష్టం మా ఇంట్లోకంటే బరువైనది గనుక మా మూడో వంతులో కొంత ఆయనకే వదిలివేశాము. వరి నుండి పంట మార్చమని రైతుకు ఉచితంగా సలహా ఇచ్చేవారు ఈ మాట కూడా వినాలి. కోతులు, అడవి పందులు ఉన్న ఊళ్ళలో వేరుశనగ, మొక్కజొన్న వేసి చూడండి, తెలుస్తుంది. రైతు వరిని పట్టుకుని వేలాడుతున్నది మూర్ఖత్వం వల్ల కాదు.

రెండవ ఏడాది గట్టు అవతలి ఇద్దరు రైతులు కూడా జొన్న వేశారు. పక్షుల బెడద పంచుకుంటే తగ్గింది. బోరు ఏప్రిల్ చివరిదాకా పోసింది. దిగువన ఆ విధవరాలి బోరులో కూడా నీరు తిరిగి వచ్చింది. ఆ ఏడు వానలు కూడా బాగా పడ్డాయి గనుక అది మా పుణ్యమని చెప్పుకోలేము. ఆమె కూడా అలా అనలేదు. కంకులు కోసే రోజున ఒక పాత్రలో మజ్జిగ పంపింది.

నగరంలో ఉన్న మనం చేయగలది లేకపోలేదు. జవారీ రొట్టె మన దక్కనీ ఇళ్ళకు కొత్త కాదు. మా నానమ్మ అరచేతులతో తట్టిన రొట్టె చప్పుడు ఇప్పటికీ మా చెవులలో ఉన్నది. ఇంట్లో వారానికి రెండు పూటలు ఆ రొట్టె తిరిగి వస్తే జొన్నకు కొనేవాడు ఉంటాడు. మన దావత్‌లలో సగం తిని వదిలేసిన బిర్యానీ పళ్ళేల సంగతి వేరే చెప్పనక్కరలేదు, ఒక్కొక్క మెతుకు వెనుక ఎంత నీరు ఉన్నదో ఇందాక ట్యాంకర్లలో లెక్కపెట్టాము.

భూమి ఉన్నవారికి మాత్రం మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. బోరు లోతుకు దించడానికి డబ్బు పంపే ముందు పొరుగు బోరు ఎక్కడ ఉన్నదో అడగండి. కొత్త బోరు వేయడానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అనుమతి అవసరమన్న సంగతి చాలామందికి తెలియదు, తెలిసినవారు మరచిపోతారు. చట్టం సంగతి అటుంచినా, మిగులు నీటిని పొరుగువానికి అందకుండా ఆపడం మన ధర్మంలో కఠినంగా నిషిద్ధం. మదీనాలో ఒక బావి యజమాని నీటిని అమ్ముకుంటుంటే హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో దానిని కొని అందరికీ వదిలారు. రూమా బావి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉన్నది. మనలో ఆ స్తోమత ఎవరికి ఉన్నదో అల్లాహ్‌కు తెలుసు. మనకున్న బావిలో పొరుగువానికి చెందినది తోడకుండా ఉండే స్తోమత మాత్రం మనందరికీ ఉన్నది.

ఈ రోజు నమాజు అయిన తరువాత, ఊరిలో భూమి ఉండి కౌలుకు ఇచ్చినవారు మస్జిదు వరండాలో కాసేపు ఆగండి. పాసుపుస్తకం అవసరం లేదు. మీ కౌలు మాట ఎలా ఉన్నదో, బస్తాల లెక్కనా, పాలు లెక్కనా, డబ్బు లెక్కనా, అది చెబితే చాలు. చెల్లనిది ఎక్కడ ఉన్నదో కలిసి చూసి, చెల్లే మాట ఒకటి రాసి ఇస్తాము. నార్లు పోయడానికి ఇంకా పది పదిహేను రోజుల వ్యవధి ఉన్నది. ఈ ఆదివారమే ఊరికి వెళ్ళి మీ కౌలుదారు ఎదుట కూర్చుని మాట్లాడవచ్చు. వెళ్ళినప్పుడు దిగువ పొలం ఎవరిదో కూడా కనుక్కుని రండి.